గుండెకు ప్రొసీజర్ అంటే ఒప్పుకునే ముందు థైరాయిడ్ సంగతి తేల్చుకోవడం ఎలా?

గుండె దడ, ఆయాసం, ఛాతీలో బిగపట్టినట్టుండటం, కళ్లు తిరగడం వంటి బాధలతో ఆస్పత్రికి వెళ్లినవారికి ఈసీజీ, ఎకో, ఆ తర్వాత యాంజియోగ్రామ్ అనే వరుస అలవాటైపోయింది. ఈ బాధల్లో కొన్నింటికి మూలం మెడ ముందు భాగంలో ఉండే థైరాయిడ్ గ్రంథిలో ఉంటుంది. దాన్ని పట్టించే రక్తపరీక్షకు అయ్యే ఖర్చు కొన్ని వందల రూపాయలు. అయినా ఆ పరీక్ష జరగకుండానే మాట కరెంటు షాకుతో లయ సరిచేయడం దాకా, గుండెలో దోషమున్న చోట కాల్చే అబ్లేషన్ దాకా, ఒక్కోసారి పేస్‌మేకర్ దాకా వెళ్లిపోతూ ఉంటుంది. ఏ పరిస్థితిలో థైరాయిడ్‌ను ముందు చూడాలి, ఆ పరీక్షను ఎప్పుడు ఎలా చేయించుకుంటే ఫలితాన్ని నమ్మవచ్చు, థైరాయిడే కారణమని తేలాక ఎంతకాలం ఆగడం సబబు, ఎక్కడ ఒక్క గంట కూడా ఆగకూడదు అన్న విషయాలను రోగికీ, రోగి వెంట వెళ్లే కుటుంబ సభ్యులకూ ఉపయోగపడేలా చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆగకూడని సందర్భాలు

చివర పేర్కొన్న విషయాన్నే ముందు చెప్పాలి, ఎందుకంటే మిగతాదంతా దానికి లోబడే ఉంటుంది. ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు నొప్పి వచ్చి పావుగంటకైనా తగ్గకపోవడం, ఆ నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం, ఒళ్లంతా చల్లటి చెమట పట్టడం, స్పృహ తప్పడం, ఊపిరి అందక వెల్లకిలా పడుకోలేకపోవడం, బీపీ పడిపోవడం వంటివాటిలో ఏది ఉన్నా థైరాయిడ్ ఫలితం కోసం ఎదురుచూడటం ప్రమాదకరం. ఈసీజీలో పెద్ద గుండెపోటు స్పష్టంగా కనిపిస్తే వెంటనే యాంజియోగ్రామ్ చేసి మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరవడమే సరైన వైద్యం. థైరాయిడ్ జబ్బు ఉన్నంత మాత్రాన గుండెపోటు రాకుండా పోదు. లయ తప్పి బీపీ పడిపోతున్న మనిషికి అప్పటికప్పుడు షాక్ ఇవ్వాల్సిందే. నాడి బాగా పడిపోయి మాటిమాటికీ సొమ్మసిల్లుతున్నవారికి కనీసం తాత్కాలిక పేస్‌మేకర్ పెట్టాల్సిందే. ఇటువంటి చోట్ల మనం కోరగలిగింది ఒక్కటే: మొదటి రక్తనమూనాతో పాటే థైరాయిడ్ పరీక్షకు కూడా రక్తం తీసి పంపించమనడం. చికిత్స దాని దారిన అది సాగుతుంది, ఫలితం వచ్చాక ఆ తర్వాతి నిర్ణయాలకు పనికొస్తుంది.

ఇక మీదట చెప్పేదంతా వ్యవధి ఉన్న సందర్భాలకు వర్తిస్తుంది. ‘వచ్చే వారం అడ్మిట్ అవ్వండి’ అని తేదీ ఇచ్చారంటే, ఒక రక్తపరీక్షకు కావలసిన సమయం చేతిలో ఉన్నట్టే.

అనుమానం ఎప్పుడు రావాలి

థైరాయిడ్ హార్మోను ఎక్కువైతే గుండె వేగం పెరుగుతుంది, ప్రతి స్పందనా బలంగా తెలుస్తుంది, గుండె పై గదులైన కర్ణికల్లో విద్యుత్ ప్రసారం గాడి తప్పుతుంది. ఈ సంబంధం నిన్నమొన్న కనిపెట్టింది కాదు. ఇంగ్లండులోని బాత్ నగరంలో వైద్యం చేసిన కేలబ్ పారీ రచనలు ఆయన మరణానంతరం 1825లో అచ్చయ్యాయి. గొంతువాపూ గుండె దడా కలిసి ఉన్న రోగుల వర్ణన వాటిలో ఉంది. 1835లో డబ్లిన్ వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ వర్ణించిన స్త్రీలకూ ప్రధానమైన బాధ విడవని గుండె దడే. ఇప్పుడు ఆయన పేరుతో పిలుస్తున్న జబ్బు మొదట వైద్యుల దృష్టికి వచ్చింది గుండె ద్వారానే అన్నమాట. అటువంటిది, రెండు శతాబ్దాల తర్వాత గుండె విభాగం ఒక అంతస్తులోనూ థైరాయిడ్ విభాగం మరో అంతస్తులోనూ ఉండటం వల్ల ఆ సంబంధాన్ని రోగే గుర్తుచేయాల్సి రావడం విచిత్రమే.

దడతో పాటు ఆకలి బాగానే ఉండి బరువు తగ్గడం, చేతివేళ్లు సన్నగా వణకడం, విరేచనం రోజుకు ఎక్కువసార్లు కావడం, నెలసరి తగ్గిపోవడం, మెట్లెక్కేటప్పుడు తొడల్లో బలం లేకపోవడం, కళ్లు ముందుకు పొడుచుకొచ్చినట్టు కనిపించడం, గొంతు ముందు వాపు ఉండటం హార్మోను ఎక్కువైందనడానికి సూచనలు. మన ఎండాకాలంలో ఉక్కపోత అందరికీ ఉంటుంది కాబట్టి దాన్నిబట్టి చెప్పలేం. కానీ పుష్యమాసంలో ఇంటిల్లిపాదీ దుప్పట్లు కప్పుకున్నప్పుడు ఒకరికి మాత్రం ఫ్యాను లేకుండా నిద్రపట్టకపోతే ఆలోచించాలి. మరొక పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు. ఆందోళన వల్ల వచ్చే దడ నిద్రలో సద్దుమణుగుతుంది. థైరాయిడ్ వల్ల వచ్చే వేగం నిద్రలోనూ అంతగా తగ్గదు. నిద్రపోతున్న మనిషి మణికట్టు మెల్లగా పట్టుకుని నిండు నిమిషం నాడి లెక్కపెడితే, అది కొన్ని రాత్రులు వరుసగా 90 దాటుతూ ఉంటే, ఆ అంకెలను రాసిపెట్టి వైద్యుడికి చూపించడం మంచిది.

పెద్దవయసువారి విషయంలో ఈ సూచనల మీద ఆధారపడకూడదు. వణుకు లేకుండా, ఉక్క లేకుండా, కళ్లలో ఏ మార్పూ లేకుండా, కేవలం నీరసంగా మూలన కూర్చుని, బరువు తగ్గుతూ, లయ తప్పిన నాడితో కనిపించే వృద్ధుల్లో కూడా థైరాయిడ్ హార్మోను ఎక్కువగా ఉండవచ్చని అమెరికా శస్త్రవైద్యుడు ఫ్రాంక్ లేహీ 1931లోనే రాశారు. మన ఇళ్లలో ఇటువంటివారి బాధకు ‘వేడి చేసింది’, ‘గ్యాసు పట్టింది’, ‘వయసు మీద పడింది’ అనే మూడు పేర్లలో ఏదో ఒకటి పెట్టి వదిలేయడం, చివరికి ఆయాసం ముదిరాక నేరుగా గుండె ఆస్పత్రికి తీసుకెళ్లడం మామూలు. అరవై దాటిన మనిషికి కొత్తగా ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (కర్ణికలు క్రమం లేకుండా అదిరే లయ దోషం) వచ్చిందంటే, లక్షణాలు ఉన్నా లేకపోయినా థైరాయిడ్ పరీక్ష చేయాల్సిందే. ఇది రోగి అడిగి తీసుకునే మినహాయింపు కాదు. కొత్తగా ఈ లయ దోషం కనిపించిన ప్రతి ఒక్కరికీ థైరాయిడ్ చూడమని ప్రామాణిక వైద్య మార్గదర్శకాలే చెబుతున్నాయి.

హార్మోను తక్కువైనప్పుడు కథ ఇందుకు విరుద్ధంగా ఉంటుంది: నాడి నెమ్మదించడం, మలబద్ధకం, చలి తట్టుకోలేకపోవడం, ముఖం ఉబ్బడం, గొంతు బొంగురుపోవడం, కొలెస్ట్రాల్ పెరగడం. హైదరాబాదుతో కలిపి దేశంలోని 8 నగరాల్లో జరిగి 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో, పరీక్షించిన పెద్దల్లో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ హార్మోను లోపం కనిపించింది. ఇంత సాధారణమైన జబ్బు గుండె రోగుల్లోనూ తరచుగా ఉంటుందని వేరే చెప్పనక్కర్లేదు.

కాన్పు తర్వాత ఏడాదిలోపు దడ మొదలైన బాలింతల విషయంలో మరికాస్త జాగ్రత్త అవసరం. ప్రసవానంతరం గ్రంథికి వాపు వచ్చి, నిల్వ ఉన్న హార్మోను ఒక్కసారిగా రక్తంలోకి కారి, కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గే పరిస్థితి ఒకటుంది. దానికి గుండె ప్రొసీజర్లు అవసరం లేదు సరికదా, కార్బిమజోల్ వంటి థైరాయిడ్ మందులు కూడా పనిచేయవు. దడ తగ్గించే బీటా బ్లాకర్ కొన్నాళ్లు వాడితే సరిపోతుంది.

పరీక్ష చేయించే తీరు

చాలాచోట్ల టీఎస్‌హెచ్ ఒక్కటే రాస్తారు. మొదటి వడపోతకు అది చాలు. గుండె విషయంలో నిర్ణయం తీసుకోవాల్సినప్పుడు మాత్రం టీఎస్‌హెచ్‌తో పాటు రక్తంలోని థైరాయిడ్ హార్మోన్లను కొలిచే ఫ్రీ టీ4, ఫ్రీ టీ3 కూడా చేయించడం మేలు. టీఎస్‌హెచ్ మెదడులోని పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే ఆజ్ఞ. థైరాయిడ్ హార్మోను ఎక్కువైతే అది తగ్గుతుంది, తక్కువైతే పెరుగుతుంది. ఎక్కువ ల్యాబుల్లో దాని సాధారణ పరిధి సుమారు 0.4 నుంచి 4 దాకా ఉంటుంది. టీఎస్‌హెచ్ 0.1 కంటే తక్కువగా ఉండి ఫ్రీ టీ4 గానీ ఫ్రీ టీ3 గానీ పెరిగి ఉంటే హార్మోను ఎక్కువైనట్టు తేలుతుంది. ఫ్రీ టీ4 మామూలుగా ఉండి టీ3 ఒక్కటే పెరిగేవారూ ఉంటారు. అందుకే మూడూ కలిపి చేయించమనడం.

ఎప్పుడు రక్తం ఇచ్చామన్నది కూడా ముఖ్యం. ఐసీయూలో తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి, స్టెరాయిడ్లు లేదా డోపమిన్ ఎక్కుతున్నవారికి థైరాయిడ్ బాగానే ఉన్నా టీఎస్‌హెచ్ తగ్గి కనిపిస్తుంది. అటువంటి ఫలితాన్ని పట్టుకుని థైరాయిడ్ జబ్బు అని ముద్ర వేయడమూ తప్పే. కోలుకున్న కొన్ని వారాల తర్వాత మళ్లీ చూడాలి. గర్భం మొదటి మూడు నెలల్లో కూడా టీఎస్‌హెచ్ సహజంగానే తగ్గుతుంది.

జుట్టు రాలకుండా, గోళ్లు విరగకుండా వాడే బయోటిన్ మాత్రల విషయం చాలామందికి తెలియదు. వాటిని వాడుతున్నప్పుడు కొన్ని రకాల ల్యాబ్ యంత్రాలు టీఎస్‌హెచ్‌ను తక్కువగానూ టీ4, టీ3లను ఎక్కువగానూ చూపిస్తాయి. లేని జబ్బు ఉన్నట్టు కాగితం మీదకు వస్తుంది. గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్షను కూడా బయోటిన్ తప్పుగా తగ్గించి చూపగలదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. కాబట్టి వ్యవధి ఉన్నప్పుడు పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆ మాత్రలు ఆపాలి. అత్యవసరంగా వెళ్లినప్పుడు వాటి పేరు మొదటే చెప్పాలి.

అన్నిటికంటే తరచుగా జరిగే పొరపాటు క్రమం తప్పడం. యాంజియోగ్రామ్‌లో రక్తనాళాలు కనబడేందుకు ఎక్కించే మందులో అయోడిన్ ఉంటుంది. రోజుకు మన శరీరానికి కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములైతే, ఆ మందు ఒక్క మిల్లీలీటరులోనే సుమారు 300 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. అందులో ఎక్కువ భాగం బంధించబడి మూత్రంలో పోయినా, విడిపడే కొద్దిపాటి అయోడిన్ కూడా థైరాయిడ్‌కు చాలా ఎక్కువ. గ్రంథిలో గడ్డలున్నవారికి దాని వల్ల హార్మోను ఒక్కసారిగా పెరగవచ్చు. పైగా ఆ తర్వాత సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాల దాకా రేడియో అయోడిన్ స్కాన్, రేడియో అయోడిన్ చికిత్స సరిగా చేయలేరు. అంటే అవసరం లేని యాంజియోగ్రామ్ ఒకటి, అవసరమైన థైరాయిడ్ చికిత్సను రెండు నెలలు వెనక్కి నెట్టగలదు. లయ సరిచేసేందుకు రాసే అమియోడరోన్ సంగతి ఇంకా పెద్దది. 200 మిల్లీగ్రాముల మాత్రలో సుమారు 75 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది. మాత్ర మానేసినా వారాల తరబడి, నెలల తరబడి ఒంట్లో నిలిచి ఉంటుంది. దానివల్ల థైరాయిడ్ హార్మోను పెరగవచ్చు, తగ్గనూవచ్చు. అందువల్ల యాంజియోగ్రామ్‌కు ముందే, అమియోడరోన్ మొదటి మాత్రకు ముందే థైరాయిడ్ రక్తనమూనా తీయించాలి. ఇప్పటికే అమియోడరోన్ వాడుతున్నవారు ఆరు నెలలకొకసారి టీఎస్‌హెచ్ చూపించుకోవాలి. బాగా ఉన్న లయ ఆ మాత్ర మీదే మళ్లీ చెడితే, మోతాదు పెంచడానికో అబ్లేషన్‌కో వెళ్లే ముందు ఆ మాత్రే థైరాయిడ్‌ను చెడగొట్టిందేమో చూడాలి.

విదేశాల్లో పిల్లల దగ్గర ఉండి వచ్చే తల్లిదండ్రులు రిపోర్టులు పోల్చుకునేటప్పుడు కొలమానం చూసుకోవాలి. మన ల్యాబులూ అమెరికా ల్యాబులూ ఫ్రీ టీ4ను ఎక్కువగా నానోగ్రాముల్లో చెబితే, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో పికోమోల్స్‌లో చెబుతారు. ఇక్కడి 1 అక్కడ దాదాపు 13 అవుతుంది. అంకె పెద్దదైందని జబ్బు ముదిరినట్టు కాదు.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్: ఆగడమే చికిత్సలో భాగం

థైరాయిడ్‌ను సరిచేస్తే తప్పించుకోగల ప్రొసీజర్లలో మొదటి స్థానం ఈ లయ దోషానికి చేసేవాటిదే కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి. కర్ణికలు క్రమం లేకుండా అదిరే ఈ దోషంలో నాడి ఎగుడుదిగుడుగా, వేగంగా కొట్టుకుంటుంది. దీనికి షాక్ ఇచ్చి లయ సరిచేసే కార్డియోవర్షన్, క్యాథెటర్ ద్వారా దోషమున్న చోట కాల్చే అబ్లేషన్ అన్నవి ప్రొసీజర్లు. థైరాయిడ్ హార్మోను ఎక్కువగా ఉన్నంతకాలం వీటితో వచ్చిన లయ నిలవడం కష్టం. కారణం రక్తంలో తిరుగుతూనే ఉంటుంది కాబట్టి దోషం తిరగబెడుతుంది.

మరోవైపు, హార్మోను అదుపులోకి వస్తే చాలామందికి లయ దానంతట అదే కుదురుతుంది. జపాన్‌లో 163 మంది ఇటువంటి రోగులను పరిశీలించి 1982లో ప్రచురించిన అధ్యయనంలో 101 మందికి ఏ షాకూ లేకుండానే లయ సరైంది. వారిలో దాదాపు ముప్పావు వంతు మందికి, హార్మోను మామూలు స్థాయికి చేరిన మూడు వారాల్లోపే ఆ మార్పు వచ్చింది. హార్మోను అదుపులోకి వచ్చి నాలుగు నెలలు దాటాక కూడా దోషం మిగిలి ఉన్నవారిలో మాత్రం ఎవరికీ దానంతట అది తగ్గలేదు. కార్డియోవర్షన్ గురించి నిర్ణయం తీసుకునే ముందు దాదాపు పదహారు వారాలు ఆగే పద్ధతికి ఆధారం ఇదే. ఈ గడువు మందు మొదలుపెట్టిన రోజు నుంచి కాక, హార్మోను మామూలు స్థాయికి వచ్చిన రోజు నుంచి మొదలవుతుంది. కార్బిమజోల్ వాడుతుంటే ఫ్రీ టీ4 అదుపులోకి రావడానికి సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. టీఎస్‌హెచ్ ఆ తర్వాత కూడా నెలల తరబడి తక్కువగానే ఉండిపోవచ్చు కాబట్టి, ఈ దశలో చూడాల్సింది ఫ్రీ టీ4, టీ3లనే.

ఆగడమంటే ఊరికే కూర్చోవడం అని అర్థం చేసుకోకూడదు. ఈ నెలల్లో మూడు పనులు ఏకకాలంలో జరగాలి. నాడి వేగాన్ని ప్రొప్రనొలాల్, మెటొప్రొలాల్, అటెనొలాల్ వంటి బీటా బ్లాకర్‌తో తగ్గించాలి. ఉబ్బసం ఉన్నవారు ఆ సంగతి ముందే చెబితే వేరే మందు ఎంచుకుంటారు. థైరాయిడ్‌కు కార్బిమజోల్ గానీ, రేడియో అయోడిన్ గానీ, ఆపరేషన్ గానీ ఏది తగునో ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల జబ్బుల వైద్యుడు) నిర్ణయించాలి. కార్బిమజోల్ వాడేవారికి జ్వరం, తీవ్రమైన గొంతునొప్పి, నోటిపూత వస్తే మాత్ర ఆపి అదే రోజు రక్తకణాల పరీక్ష చేయించుకోవాలి. అరుదుగానైనా తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోయే అవకాశం ఉంది. అమెరికాలో కార్బిమజోల్ దొరకదు, దాని బదులు మెథిమజోల్ ఇస్తారు. 10 మిల్లీగ్రాముల కార్బిమజోల్‌కు సుమారు 6 మిల్లీగ్రాముల మెథిమజోల్ సమానం కాబట్టి రెండు దేశాల మధ్య తిరిగేవారు అంకెను అలాగే మార్చేసుకోకూడదు.

మూడో పని పక్షవాతం రాకుండా చూసుకోవడం. వయసు, బీపీ, షుగరు, గతంలో వచ్చిన పక్షవాతం వంటివాటిని బట్టి రక్తం గడ్డకట్టకుండా మందు అవసరమో కాదో కార్డియాలజిస్టు తేలుస్తారు. లయ కుదిరినట్టు అనిపించింది కదా అని దాన్ని సొంతంగా మానకూడదు. ఇటువంటి మందుల్లో వార్ఫరిన్ లేదా ఎసిట్రోమ్ వాడేవారికి ఒక చిక్కు ఉంది: థైరాయిడ్ హార్మోను ఎక్కువగా ఉన్నప్పుడు ఈ మందులు బలంగా పనిచేస్తాయి, హార్మోను తగ్గేకొద్దీ అదే మోతాదు చాలకుండా పోతుంది. అందుకని థైరాయిడ్ చికిత్స జరిగినంతకాలం, రక్తం గడ్డకట్టే తీరును చూపే ఐఎన్‌ఆర్ పరీక్షను మామూలు కంటే తరచుగా చేయించాలి.

ఎకో మాత్రం మానకూడదు. మన ప్రాంతంలో చిన్నప్పటి కీళ్లవాత జ్వరం వల్ల మిట్రల్ వాల్వు సన్నబడినవారు ఇంకా కనిపిస్తూనే ఉన్నారు. వారికీ ఇదే లయ దోషం వస్తుంది. వాల్వూ చెడి, థైరాయిడూ పెరిగి ఉంటే థైరాయిడ్ ఒక్కటే నయం చేస్తే సరిపోదు. జబ్బు పాతదయ్యేకొద్దీ, వయసు పెరిగేకొద్దీ కూడా లయ దానంతట అది కుదిరే అవకాశం తగ్గుతుంది.

ఛాతీనొప్పి, యాంజియోగ్రామ్, స్టెంటు

హార్మోను ఎక్కువైనప్పుడు గుండెకు ప్రాణవాయువు అవసరం పెరిగి ఛాతీనొప్పి రావచ్చు. ఒక్కోసారి గుండె రక్తనాళాలు ముడుచుకుపోయి, యాంజియోగ్రామ్‌లో పూడిక ఉన్నట్టే కనిపిస్తాయి. నాళంలోకి నైట్రోగ్లిజరిన్ ఇచ్చి చూస్తే ముడుచుకున్నది తెరుచుకుంటుంది, కొవ్వు పూడిక తెరుచుకోదు. అందువల్ల థైరాయిడ్ ఎక్కువగా ఉన్నట్టు తెలిసిన రోగికి యాంజియోగ్రామ్ తప్పనిసరైతే, ఆ విషయం చేసే వైద్యుడికి ముందే తెలిసి ఉండాలి. నాళం ముడుచుకున్న చోట స్టెంటు వేయడం, బైపాస్ దాకా వెళ్లడం నివారించదగిన తప్పులు.

నడిచినప్పుడు వచ్చి ఆగితే తగ్గే, చాలాకాలంగా ఒకే తీరుగా ఉన్న నొప్పి విషయంలో తొందర అక్కర్లేదనడానికి వేరే ఆధారం కూడా ఉంది. స్థిరంగా ఉన్న ఇటువంటి రోగులకు మంచి మందులతో పాటు స్టెంటు వేసినా, మందులు మాత్రమే ఇచ్చినా మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదని 2007లో వచ్చిన కరేజ్ అధ్యయనమూ, 2019లో ఫలితాలు ప్రకటించిన ఇస్కీమియా అధ్యయనమూ చూపాయి. ఎడమ ప్రధాన నాళంలో పూడిక ఉన్నవారిని ఆ లెక్కలో కలపకూడదు. మిగిలినవారికి థైరాయిడ్ సరిచేసుకోవడానికి కొన్ని వారాలు తీసుకోవడంలో నష్టం తక్కువ.

నెమ్మదించిన గుండె, గుండె చుట్టూ నీరు, బలహీనమైన పంపింగ్

నాడి 50 కంటే తక్కువగా ఉందని పేస్‌మేకర్ సూచించినప్పుడు థైరాయిడ్‌తో పాటు మందుల జాబితా కూడా చూడాలి. బీటా బ్లాకర్, డిల్టియాజెమ్ మాత్రమే కాదు, గ్లకోమాకు కంట్లో వేసుకునే టిమొలాల్ చుక్కలు కూడా నాడిని తగ్గిస్తాయి. హార్మోను లోపం వల్ల గుండె మొత్తంగా నెమ్మదించినప్పుడు, ఆ లోపాన్ని పూరించే థైరాక్సిన్‌ మాత్రతో అది సాధారణంగా కుదుటపడుతుంది. కానీ కర్ణికల నుంచి గుండె కింది గదులైన జఠరికలకు సంకేతం ఆగిపోయే హార్ట్ బ్లాక్ వచ్చి, దానివల్ల సొమ్మసిల్లుతూ ఉంటే, హార్మోను లోపం ఒక మోస్తరుగా ఉన్నంత మాత్రాన పేస్‌మేకర్‌ను వాయిదా వేయడం సరికాదు. థైరాయిడ్ సరైనా ఆ బ్లాక్ మిగిలిపోయేవారు చాలామంది. ఈ రెండు పరిస్థితుల తేడాను ఈసీజీ చూపించి అడిగి తెలుసుకోవాలి.

హార్మోను బాగా తగ్గినవారికి గుండె చుట్టూ నీరు చేరుతుంది. అది నెలల తరబడి మెల్లగా చేరుతుంది కాబట్టి ఎకోలో ఎక్కువగా కనిపించినా గుండెను నొక్కడం అరుదు. థైరాక్సిన్ వాడితే వారాల్లో, నెలల్లో ఇంకిపోతుంది. సూదితో నీరు తీయడం గుండెకు ఒత్తిడి పడుతున్నప్పుడో, మన దేశంలో తరచుగా ఉండే క్షయ వంటి వేరే కారణం అనుమానించినప్పుడో అవసరమవుతుంది. కొలెస్ట్రాల్ ఎక్కువైందని స్టాటిన్ రాసే ముందు కూడా టీఎస్‌హెచ్ చూడాలి. హార్మోను లోపం ఉండగా స్టాటిన్ వాడితే కండరాల నొప్పులు ఎక్కువవుతాయి.

నెలల తరబడి వేగంగా కొట్టుకున్న గుండె అలసి, ఎకోలో పంపింగ్ శాతం పడిపోవచ్చు. వేగం, హార్మోను రెండూ అదుపులోకి వచ్చాక అది మెరుగుపడే అవకాశం బాగా ఉంటుంది. అందువల్ల లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చేలా ఛాతీలో అమర్చే డీఫిబ్రిలేటర్ గురించి, ప్రమాదకరమైన లయ ఇంతకు ముందు కనిపించని రోగుల విషయంలో, సరైన మందులు కనీసం మూడు నెలలు వాడి మళ్లీ ఎకో తీసిన తర్వాతే నిర్ణయిస్తారు.

ఇప్పటికే థైరాయిడ్ మాత్ర వాడుతున్నవారు

థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్ వంటి థైరాక్సిన్ మాత్రలు సంవత్సరాల తరబడి వాడుతూ పరీక్ష మానేసినవారికి మోతాదు ఎక్కువై దడ రావచ్చు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో 60 ఏళ్లు దాటిన రెండు వేల మందిని పదేళ్లు గమనించి 1994లో ప్రచురించిన అధ్యయనంలో, టీఎస్‌హెచ్ 0.1 లేదా అంతకంటే తక్కువ ఉన్నవారిలో 28 శాతం మందికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చింది. మామూలుగా ఉన్నవారిలో అది 11 శాతం. వీరికి కావలసింది చాలాసార్లు మోతాదు తగ్గించడమే. 25కు బదులు 100 మైక్రోగ్రాముల సీసా ఇంటికి వచ్చిందేమో ముందు చూసుకోవాలి. బరువు తగ్గడానికి కొన్న పొడులూ, సముద్రపు నాచు మాత్రలూ వాడుతుంటే దాచకుండా చెప్పాలి. థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ అయినవారికి మాత్రం కావాలనే మోతాదు ఎక్కువగా ఇస్తారు. వారు తమంతట తాము తగ్గించకూడదు.

దీనికి తిరగేసిన జాగ్రత్త గుండె రక్తనాళాల జబ్బున్నవారికి వర్తిస్తుంది. వారికి హార్మోను లోపం ఉన్నా మాత్రను 12.5 లేదా 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి, నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి కొద్దికొద్దిగా పెంచుతారు. ఆ తక్కువ మోతాదుకే ఛాతీనొప్పి పెరిగితే, రక్తనాళాలను ముందు సరిచేయడమే మేలయ్యే సందర్భాలుంటాయి.

వైద్యుడితో ఎలా మాట్లాడాలి

‘మాకు థైరాయిడే, గుండెకేమీ లేదు’ అని వాదనకు దిగితే పని జరగదు. ఈసీజీలు, ఎకో రిపోర్టు, మందుల చీటీలు, పాత టీఎస్‌హెచ్ ఫలితాలు తేదీల వారీగా ఒక ఫైలులో పెట్టుకుని వెళ్లి, ‘డాక్టరుగారూ, ఈ ప్రొసీజర్‌కు ముందు థైరాయిడ్ పరీక్ష అయిందా? కాకపోతే ఇవాళే చేయించుకోవచ్చా? ఫలితం తేడాగా వస్తే ఈ తేదీ మారుతుందా? రెండు మూడు నెలలు మందులతో చూస్తే మా నాన్నగారికి వచ్చే ప్రమాదం ఏమిటి?’ అని అడగడం మంచి పద్ధతి. చివరి ప్రశ్నకు వచ్చే జవాబే కీలకం. స్పష్టమైన ప్రమాదం చెబితే వినాలి. ‘ఎందుకైనా మంచిది చేయించేద్దాం’ అన్న జవాబు మాత్రమే వస్తే, అదే ఫైలుతో మరో కార్డియాలజిస్టునూ ఒక ఎండోక్రైనాలజిస్టునూ కలవడం రోగి హక్కు. ఆరోగ్యశ్రీ కార్డో, కంపెనీ ఇన్సూరెన్సో ఉంది కాబట్టి చేయించుకుంటే పోయేదేముంది అనే ఆలోచన కుటుంబాల్లో బాగా వినిపిస్తుంది. డబ్బు ఎవరు కట్టినా, క్యాథెటర్ గుచ్చిన చోట రక్తస్రావం, కిడ్నీ మీద భారం, పేస్‌మేకర్ బ్యాటరీ అయిపోయాక మళ్లీ మార్పించుకోవడం వంటివి రోగికే మిగులుతాయి.

థైరాయిడ్ మామూలుగా ఉందని తేలితే, లేదా హార్మోను అదుపులోకి వచ్చి నాలుగు నెలలు దాటినా లయ కుదరకపోతే, ప్రొసీజర్ చేయించుకోవడంలో తప్పేమీ లేదు. అప్పుడు తేదీకి ముందు వారంలో ఫ్రీ టీ4 మరోసారి చూపించుకోవాలి. కార్డియోవర్షన్ అయితే దానికి కనీసం మూడు వారాల ముందు నుంచీ, ఆ తర్వాత కనీసం నాలుగు వారాల దాకా రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మందును ఒక్క పూట కూడా తప్పకుండా వేసుకోవాలి. ఒక్క మోతాదు తప్పినా ఆ విషయం షాక్ ఇచ్చే ముందే వైద్యుడికి చెప్పాలి. అవసరమైతే అన్నవాహిక ద్వారా ఎకో తీసి, గుండెలో రక్తపు గడ్డ లేదని నిర్ధారించుకున్నాకే ముందుకు వెళ్తారు.